పేలని పద్నాలుగో గుంట

సాయంత్రం ఏడున్నర అయితే ఏన్కూరులోని మా ఇంట్లో నా మాట ఎవరికీ వినపడదు. ఆ అరగంట టీవీలో చమురు సీరియల్ వస్తుంది. హీరో తెల్ల హెల్మెట్ పెట్టుకుని, ఇస్త్రీ నలగని నీలం చొక్కా వేసుకుని అడవిలోకి దిగుతాడు. మోకాళ్ల మీద కూర్చుని నేలకు చెవి ఆనిస్తాడు. "ఇక్కడే ఉంది" అంటాడు. ఎర్ర పెట్టె మీది పిడిని రెండు చేతులతో కిందికి నొక్కుతాడు. భూమి బద్దలై నల్లటి నూనె తాటిచెట్టంత ఎత్తుకు చిమ్ముతుంది. అందరూ ఆ నూనెలో తడుస్తూ చిందులు వేస్తారు. నా భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది.

ముప్పయ్యేళ్లకు పైగా నేను చేసిన పని అదేనట. చమురు వెతికే సర్వే పార్టీలో కేబుల్ చుట్టలు మోసే కూలీగా చేరి, లైన్ సూపర్‌వైజర్‌గా దిగిపోయాను. ఆ మొత్తం కాలంలో ఒక్క చుక్క చమురును నా కళ్లతో చూడలేదు. చూడాల్సిన పని మాది కాదు. మేం నేల కింద ఏ పొర ఎక్కడుందో వెతికి కాగితాలు పంపిస్తాం. ఆ కాగితాలు చూసి తవ్వాలా వద్దా అనేది ఎక్కడో దూరాన ఎవరో తేలుస్తారు. ఇక నూనె అంత ఎత్తుకు చిమ్మడం సంగతి. అట్లా చిమ్మిందంటే బావి చేయి దాటిపోయిందని అర్థం. ఆరోజు అక్కడ చిందులు వేసేవాడు ఉండడు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరుగెత్తేవాడే ఉంటాడు.

ఇన్నాళ్లూ గొణుక్కుంటూనే చూశాను. పోయిన వారం వచ్చిన భాగం చూశాక ఇక ఊరుకోలేకపోయాను. అందులో గుంటలో పెట్టిన మందు పేలదు. అందరూ దూరంగా నిలబడి ఏడుస్తుంటే హీరో ఒక్కడే పరుగెత్తుకెళ్లి, గుంటలో చేయి పెట్టి, ఆ మందు కట్టను బయటికి లాగి, గోదావరిలోకి విసురుతాడు. నీళ్లు పైకి లేస్తాయి. చప్పట్లు.

నా పక్కన కూర్చున్న శిరీష కూడా చప్పట్లు కొట్టింది. శిరీష మా పక్కింటి పిల్ల. డిప్లొమా చదివింది. వచ్చే నెలలో సర్వే పార్టీలోనే ఉద్యోగంలో చేరబోతోంది.

"తాతా, మీరు గూడ ఎప్పుడన్న గిట్ల తీసిండ్రా?" అని అడిగింది.

"తియ్యలేదు బిడ్డా. గట్ల తీసినోడు చెప్పనీకి మిగలడు."

"మరి పేలకపోతే ఏం చేస్తరు?"

ఎవరైనా అడగగానే చెప్పేయాల్సిన జవాబు అది. తర్వాత చెబుతానని లేచాను. ఎందుకంటే నా ఉద్యోగంలో ఒక గుంట పేలలేదు. పేలిందని నా చేత్తో నేనే రాశాను. ఆ గుంట ఒక ఆడమనిషి చేలో ఉంది, ఆమె సరిగ్గా అదే చోట బావి తవ్వుకోబోయింది. ఈ సంగతి శిరీషకూ, ఆమెలా ఈ పనిలోకి వెళ్లే పిల్లలకూ తెలియాలని రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు.

అసలు పని

సర్వే అంటే అడవిలో గీత గీసినట్టు తిన్నగా నడవడం. మధ్యలో గుట్ట వచ్చినా, వాగు వచ్చినా, తేనెతుట్టె వచ్చినా గీత వంగదు, మనమే వంగాలి. సీరియల్లో హీరో వెళ్లే దారికి బుల్డోజర్ అడ్డమొచ్చిన చెట్లన్నీ కూల్చేస్తుంది. మాకు మనిషి పట్టేంత సందు చేసుకోవడానికే ఫారెస్టు గార్డు పక్కన నిలబడి కొమ్మ కొమ్మకూ లెక్క అడిగేవాడు.

ఆ గీత వెంట కొంత దూరానికి ఒకటి చొప్పున సన్నటి లోతైన గుంటలు వేస్తాం. గుంట అడుగున మందు పెట్టి, దాని వైర్లు పైకి వదిలి, మట్టితో పూడుస్తాం. నేల పొడవునా జియోఫోన్లు గుచ్చుతాం. అవి నేల కదలికను వినే చిన్న డబ్బాలు. మందు పేలినప్పుడు భూమి లోపలికి పోయిన చప్పుడు అడుగు పొరలకు తగిలి తిరిగొస్తుంది. దాన్ని రికార్డింగ్ బండిలో కూర్చున్న అబ్జర్వర్ కాగితం మీద పట్టుకుంటాడు. పైన నిలబడ్డవాడికి కాళ్ల కింద ఒక దెబ్బ తెలుస్తుంది. అంతే. తాటిచెట్టంత లేచేది ఏదీ లేదు.

ఆ దెబ్బకు ముందు ఉండే నిశ్శబ్దాన్ని ఏ సీరియల్ వాడూ చూపించడు. లైన్ పొడవునా ఉన్న మనుషులంతా ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోవాలి. నడిస్తే ఆ అడుగు కూడా రికార్డులో పడుతుంది. ఆవు గిట్టల చప్పుడు కూడా పడుతుంది. ఒకసారి పశువులు కాసే ముసలాయన మందను లైన్ మీదికి తోలుకొచ్చాడు. ఆపమని బతిమాలితే, "నేను ఆపుత గనీ, గాలి ఎవలాపాలె?" అన్నాడు. నిజమే. గాలి ఆగేదాకా మూడు గంటలు నిలబడ్డాం, పక్కన ఆయన మంద కూడా నిలబడింది. నా సర్వీసులో సగం నిలబడటమే. నిలబడలేనివాడు ఈ పనికి రావద్దు.

బాసుల గురించి కూడా సీరియల్ అబద్ధమే చెబుతోంది. అందులో పెద్ద సారు రోజంతా అరుస్తుంటాడు. నేను అరిచే సార్ల దగ్గర పనిచేశాను. వాళ్ల దగ్గర పనివాళ్లు తప్పు చేయడం మానరు, చెప్పడం మానేస్తారు. మా పార్టీ చీఫ్ నరసింహం గారు మాత్రం గొంతు పెంచగా నేను వినలేదు. పార్టీ మొత్తానికి పెద్ద ఆయన. ఎవరు ఏ వార్త తెచ్చినా కళ్లద్దాలు తీసి ఒకే మాట అడిగేవారు: "నువ్వు చూశావా, విన్నావా, అనుకున్నావా?" మొదట్లో అది చాదస్తం అనిపించేది. ఆ మూడింటికీ తేడా తెలియడానికి నాకు పద్నాలుగో గుంట కావలసి వచ్చింది.

నా చేతిరాత

నేను బడిలో నాలుగో తరగతి దాటలేదు. తర్వాతి చదువంతా దారిలో దొరికింది. పొట్లాం కట్టిన పేపర్లు చదివాను. ఇంగ్లీషు అక్షరాలు మందు పెట్టెల మీది అచ్చు చూసి దిద్దుకున్నాను. ఖమ్మం పాత పుస్తకాల కొట్లో అట్ట లేని నిఘంటువు కొని, క్యాంపులో అందరూ పేకాడుతుంటే నేను మాటలు ఏరుకున్నాను. డిగ్రీ చదివి వచ్చినవాళ్ల రాత కోడిగెలికినట్టు ఉండేది. నా రాత ముత్యాలే. ఇప్పటికీ ఆ మాట అనడానికి నేను సిగ్గుపడను.

ఆ రాత చూసే సుబ్బరాజు గారు నన్ను కేబుళ్ల నుంచి తప్పించి తన దగ్గర పెట్టుకున్నారు. ఆయన షూటర్, అంటే మందు పేల్చే లైసెన్సు ఉన్న మనిషి. గోదావరి జిల్లాల నుంచి వచ్చారు. నా పని షాట్ షీట్ రాయడం. గుంట నంబరు, లోతు, చివరి గడిలో పేలిందా లేదా. ఒక్కో లైన్‌కు ఒక్కో షీట్.

అడవిలో జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాస్తే చెమట చుక్క పడుతుంది, గాలికి అంచు లేస్తుంది, అక్షరం వంకర పోతుంది. ఆ వంకర నేను భరించలేకపోయాను. అందుకని పొద్దున్నే టెంట్‌లో, చేతులు కడుక్కుని, రేకు పెట్టె మీద షీట్ పరిచి అన్ని గడులూ ముందే నింపేవాణ్ని. ఇరవై గుంటలు ఉంటే ఇరవై వరసలు. చివరి గడిలో ఇరవైసార్లు ఇంగ్లీషులో 'ఫైర్డ్' అని రాసేవాణ్ని. ఆ మాటలో మొదటి అక్షరం తోక తిప్పడం నాకు భలే ఇష్టం. రెండు సీజన్లు ఎవరూ తప్పు పట్టలేదు, ఎందుకంటే రెండు సీజన్లూ అన్ని గుంటలూ పేలాయి.

సీరియల్లో అయితే తప్పు చేసేవాడికి మీసం ఉంటుంది, పైనుంచి ఏదో సంగీతం వినిపిస్తుంది. నా తప్పుకు ఏ సంగీతమూ లేదు. అది శుభ్రంగా, వరసగా, చూడముచ్చటగా ఉండేది.

ముత్తమ్మ చేను

ఆ ఏడు ఎండాకాలం దుమ్ముగూడెం పైన అడవిలో లైన్ పడింది. పద్నాలుగో గుంట కుంజా ముత్తమ్మ చేలోకి వచ్చింది. ముత్తమ్మ కోయ మనిషి. భర్త పోయాడు, ఇద్దరు కొడుకులు. తాగే నీళ్లకు వాగుదాకా పోయి చెలమ తోడుకోవాలి, మాఘం దాటితే ఆ చెలమ కూడా బురదే.

ఆ చేలోకి యంత్రం ఎక్కలేదు. నలుగురం చేతి బర్మాతో తిప్పి తిప్పి గుంట వేశాం. ఇరవై అడుగుల దగ్గర బర్మా నోట తడి ఇసుక వచ్చింది. అంతదాకా చెట్టు కింద కూర్చుని మమ్మల్ని చూస్తున్న ముత్తమ్మ లేచి వచ్చి, పిడికెడు ఇసుక తీసుకుని పిసికింది. వేళ్ల సందున నీళ్లు కారాయి.

"ఏం తీస్తుండ్రే మీరు, నీళ్లా?" అంది.

"నీళ్లు గాదక్కా, నూనె."

"నూనెను ఏం జేసుకుంట? ఈడ నీళ్లున్నయ్. బాయి తవ్వుకుంట."

"ఎప్పుడు?"

"విత్తనాల పండుగ గాకుండ భూమిని ముట్టం. పండుగ తెల్లారి మొదలువెడ్త." అని గుంట పక్కన మూడు రాళ్లు పేర్చి, మధ్యలో తునికి కట్టె పాతింది.

రెండో రోజు పేల్చాం. పదమూడు దాకా వరసగా పేలాయి. పద్నాలుగు దగ్గర సుబ్బరాజు గారు మీట నొక్కితే నేల కదల్లేదు. ఆయన ఇంకో రెండుసార్లు నొక్కారు. రేడియోలో అబ్జర్వర్, "పద్నాలుగు రాలేదు. ప్రస్తుతానికి వదిలేసి ముందుకు పొండి, చివర్లో చూద్దాం" అన్నాడు. మిగిలిన ఆరూ పేలాయి. వెనక్కి రాబోతుంటే మబ్బు కమ్మింది. మెరుపు కనబడితే మందు దగ్గర ఎవరూ ఉండకూడదు. అందరం పరుగు తీశాం. వాన వెలిసేసరికి పొద్దు వాలింది, మరునాడు క్యాంపు ఎత్తేసి గోదావరి అవతల మణుగూరు వైపు పోవాలి. అంతా సర్దుడు హడావిడి.

ఆ సాయంత్రం సుబ్బరాజు గారు టెంట్ గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏరా రాములూ, అన్నీ పేలాయి కదా?" అని అడిగారు. ఆయన కూడా, బండి సర్దుకునే హడావిడిలో అబ్జర్వర్ కూడా ఆ ఒక్కటి మరిచారు. నేను షీట్ తీసి చూశాను. ఇరవై వరసలూ ఒకేలా ఉన్నాయి.

"పేలినయ్ సార్."

నేను అబద్ధం చెప్పలేదు. నా చేతిరాతను నమ్మాను. పక్కనే ఉండి నా కాళ్లకు తెలియని దెబ్బను నా అక్షరం చెబుతుంటే, అక్షరమే గెలిచింది.

గుర్తొచ్చిన రోజు

మణుగూరు వైపు అడవిలో పదిపన్నెండు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం మా బర్మా కూలీల్లో ఒకడు తడి ఇసుక తీసి, "ఆ అక్క చేన్ల గూడ గిట్లనే వచ్చింది గదా, ఆ పేలని గుంటల" అన్నాడు.

నా చేతిలో పెన్ను ఆగింది. పేలని గుంట. ఆరోజు మీట నొక్కాక నా చెప్పుల కింద నేల కదలకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. ఆ వెంటనే ముత్తమ్మ పేర్చిన మూడు రాళ్లు, తునికి కట్టె గుర్తొచ్చాయి. పండుగ తెల్లారి గడ్డపార తీసుకుని సరిగ్గా ఆ మందు మీదికి దిగేది ఆమె కొడుకులు.

సుబ్బరాజు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన మొహం పాలిపోయింది.

"షీట్‌లో ఏముంది?" అన్నారు.

"పేలిందని ఉంది సార్."

"అయితే పేలినట్టేరా. నోరు మూసుకో. రెండు వానలు పడితే తడిసి చస్తుంది అది. నా లైసెన్సు పోతే నాకింకేం పని వచ్చురా?"

"వాళ్లు బాయి తవ్వుతున్నరు సార్."

"ఎవరు చెప్పారు? తవ్వుతారో లేదో నీకు తెలుసా?"

ఆయన్ని దుర్మార్గుడు అనడం లేదు. సీరియల్ వాళ్లయితే ఆయనకు మీసం తగిలించేవారు. ఆయన భయపడిన మనిషి, అంతే. నేనూ భయపడ్డాను. షీట్ నా చేతిది. నాలుగో తరగతివాణ్ని, నన్ను మళ్లీ కేబుళ్లకు తోసేస్తే అడిగేవాడు లేడు. నరసింహం గారి టెంట్‌కు ఉన్న వంద అడుగులు నడవడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పుకోలేను.

ఆయన అంతా విని, కళ్లద్దాలు తీశారు.

"పద్నాలుగు పేలడం నువ్వు చూశావా, విన్నావా, అనుకున్నావా?"

"మూడూ గాదు సార్. పొద్దున్నే రాసిపెట్టిన."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. రేడియో తీసి రికార్డింగ్ బండిని ఆపించారు. లైన్ మొత్తం ఆపించారు. తర్వాత, "పండుగ ఎప్పుడు?" అని అడిగారు.

వంటమనిషిది అవతలి ఊరు. ఆయన్ని పిలిచి అడిగితే, "రేపే సార్" అన్నాడు.

పండుగ రోజు

జీపు భద్రాచలం వంతెన మీదుగా చుట్టుతిరిగి రావాలి. నేను తెల్లవారగానే పడవలో గోదావరి దాటి, అడ్డదారిన నడిచాను. ఊరు చేరేసరికి డోళ్లు మోగుతున్నాయి. మగవాళ్లు చాలామంది పండుగ వేటకు పోయారు. ఆడవాళ్లు బాటకు అడ్డంగా కట్టె పెట్టి, పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్లను ఆపుతున్నారు. ఆ గుంపులోనే ముత్తమ్మ ఉంది.

"అగో, నూనె పిలగాడొచ్చిండు! ఇనాం ఇచ్చినంకనే కదులు" అంది నవ్వుతూ.

"అక్కా, బాయి తవ్వొద్దు."

నవ్వు ఆగిపోయింది. "ఎందుకొద్దు? నీళ్లున్నయని మీ సార్లకు చెప్పినవా? మా జాగ గుంజుకుంటరా?"

"అది గాదక్కా. ఆ గుంటల మందున్నది. పేలలే."

"పేలిందన్నరు గదా. మూటాముల్లె సర్దుకొని పోయిండ్రు గదా."

"నేనే తప్పు రాసిన."

ఆమెకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నా చొక్కా పట్టుకుని చేను దగ్గరికి లాక్కుపోయింది. మేకల దొడ్డి కంచె చూపించింది. కంచె కట్టెలన్నీ పసుపు రంగు వైరుతో గట్టిగా కట్టి ఉన్నాయి. అది మా వైరే. గుంటలోంచి పైకి వదిలిన వైరు.

"మంచి తీగ అని నా చిన్నోడు గుంజుకొచ్చిండు. రాకపోతే కాలు తన్నిపెట్టి గుంజిండు. ఆడ నా మనవడు పొద్దంత మట్టితోటి ఆడుకున్నడు. తప్పు రాసిన్నంటవ్. గంత సల్లగ ఎట్లంటవ్రా?"

ఆ కంచె వంక చూస్తూ నిలబడ్డాను. వైరు పీకేశాక ఆ మందును మళ్లీ పరీక్ష చేసే దారి లేదు. గుంటకు గుర్తుగా మేం పాతిన జెండా కూడా ఎప్పుడో పోయింది. ఆ చేలో గుంట ఇదీ అని చెప్పడానికి మిగిలిన గుర్తు ఒక్కటే. ముత్తమ్మ పేర్చిన మూడు రాళ్లు.

మధ్యాహ్నానికి నరసింహం గారు, సుబ్బరాజు గారు జీపులో వచ్చారు. మరునాడు ఊరి పెద్దను అడిగి, మనుషులను, మేకలను దూరంగా పంపించి, పాత గుంట పక్కన సుబ్బరాజు గారు చెప్పిన దూరంలో ఇంకో గుంట వేశాం. దానికి ఎర్ర వైరు. గుంటలో ఎవరూ చేయి పెట్టలేదు, ఎవరూ పరుగెత్తలేదు. శిరీష అడిగినదానికి సగం జవాబు ఇది: పేలనిదాన్ని బయటికి లాగరు, దాని పక్కన ఇంకోటి పెట్టి రెండింటినీ కలిపి పేలుస్తారు. సుబ్బరాజు గారు ఆరోజు చేసిన పని అంత నిదానంగా, అంత శుభ్రంగా మళ్లీ ఎవరూ చేయగా చూడలేదు.

మీట నొక్కారు. నేల ఒక్కసారి ఎగిరిపడింది. చేలో మట్టి ఉబ్బి, కుంగింది.

"రెండూ పోయాయి సార్. ఆ దెబ్బ చూశారుగా" అన్నారు సుబ్బరాజు గారు.

"పెద్ద దెబ్బే. కానీ రెండు పేలడం నేను విన్నానని చెప్పలేను. పోయాయని అనుకుంటున్నాను" అన్నారు నరసింహం గారు. ముత్తమ్మ వైపు తిరిగి, "అమ్మా, బావి ఇంకోచోట తవ్వుకోండి. మా వాళ్లు బర్మా వేసి చూస్తారు" అన్నారు.

ముత్తమ్మ వినలేదు. "ఈడ నీళ్లు నేను పిసికి చూసిన సారూ. ఇంకోకాడ ఉన్నయో లేవో నీకు తెలుసా? ఈడనే తవ్వుత. గనీ నా కొడుకులు ముందుగాల దిగరు." నా వైపు వేలు చూపించింది. "పేలిందని రాసినోడు దిగాలె."

నరసింహం గారు నన్ను పక్కకు పిలిచారు. "ఉద్యోగంలో భాగంగా నిన్ను దిగమని నేను చెప్పను. చెప్పే అధికారం నాకు లేదు. నువ్వు దిగకపోతే మాత్రం వాళ్లు దిగుతారు" అన్నారు. తర్వాత సంచిలోంచి నా షాట్ షీట్ తీశారు. పద్నాలుగో వరసలో చివరి మాటను ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఉంది. "ఇది నీ దగ్గర పెట్టుకో. చూశాక రాయి."

దిగడం

సెలవు పెట్టి దిగాను. ముత్తమ్మ కొడుకులిద్దరూ పైన తాడు, గంప పట్టుకున్నారు. మొదటి పది అడుగులు ఎవరైనా తవ్వే మట్టే. మూడో రోజు నుంచి దిగేముందు తాడుకు దీపం కట్టి దించేవాళ్లం, లోపల గాలి మంచిదేనా అని. దీపం నిలిస్తేనే నేను.

పదిహేను అడుగుల దగ్గర మట్టి పగుళ్లు తేలింది. గడ్డపార పైకి పంపేశాను. చిన్న కుర్పీతో, వేళ్లతో తీశాను. పైన ముత్తమ్మ గట్టు మీద కూర్చుని, వచ్చిన ప్రతి గంపనూ చేత్తో కెలికి చూసేది.

"ఏమొచ్చింది?"

"ఎర్ర వైరు ముక్క దొరికిందక్కా."

"అది మొన్నటిది గదా. నా కంచె తీగ ఏదీ?"

"ఇంక రాలే."

"వచ్చేదాక పైకి రాకు మరి" అనేది. మళ్లీ కాసేపటికి ఆమే, "మంచినీళ్లు దించనా?" అని అడిగేది.

ఎర్ర ముక్కలు ఎన్ని దొరికితే ఏం లాభం? రెండోది పేలిందని మాత్రమే అవి చెబుతాయి. మొదటిది ఎక్కడో నా మోకాలి పక్కన, మట్టి వెనకాల, చెక్కుచెదరకుండా ఉండొచ్చు. ప్రతి పిడికెడు తీసేముందు ఆగేవాణ్ని. గాలి కోసం, మంద కోసం నిలబడ్డ రోజులు గుర్తొచ్చేవి. ఆ నిలబడటం నేర్చుకోకపోతే ఆ గుంతలో నాకు పిచ్చెక్కేది. హెల్మెట్ హీరో గురించి ఇవాళ నాకు కోపం ఎందుకంటే, వాడు ఒక్క క్షణం కూడా ఆగడు. ఆగనివాడికి ధైర్యం అవసరమే రాదు.

శిరీష మొన్న చెప్పింది, ఇప్పుడు కాగితాలు లేవట, ట్యాబ్‌లో నొక్కడమేనట. "ముందే నొక్కితే ఊకుంటదా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఊకుంటది తాతా" అంది. ఆ పిల్ల నా దగ్గర అడిగిన ప్రశ్నకు రెండో సగం జవాబు ఇదే. పేలకపోతే ముందు పేలలేదని రాయాలి. మిగతా ఏ ధైర్యమైనా దాని తర్వాతే.

పంతొమ్మిదో అడుగు దగ్గర పక్కగోడ మట్టి జారి, లోపల తలకాయంత తొర్ర కనిపించింది. చుట్టూ మట్టి నల్లగా మాడి, పెంకులా గట్టిపడి ఉంది. ముక్కుకు ఘాటు తగిలింది. అరచేయి పట్టేంత మట్టి మెల్లగా తీశాను. అందులో పసుపు రంగు తీగ, బెత్తెడు. ఒక కొస నలుగురు పట్టి లాగితే తెగినట్టు చీలికలై ఉంది. మందు వైపు కొస కరిగి ముద్దయింది.

దాన్ని గంపలో వేసి పైకి పంపాను. తర్వాత ముత్తమ్మ పెద్దకొడుకు తాడు వదిలి, "పైకి రా అన్నా, ఇగ నేను దిగుత" అన్నాడు.

"ఇంకో అడుగు ఉండు" అన్నాను. ఆ అడుగులోనే తడి తగిలింది. నేను చేయి తీసిన గుంటలోకి నీళ్లు ఊరాయి.

పైకి వచ్చి, విప్పిన చొక్కాలో మడిచి పెట్టుకున్న షీట్ తీశాను. చేతులు మోచేతుల దాకా బురద. ముత్తమ్మ కంచెలోంచి తెచ్చిన తీగను, నేను పంపిన ముక్కను పక్కపక్కన పెట్టి చూస్తోంది.

"గింత బురద చేతుల్తోటి రాస్తవా? సార్లు తిట్టరా?" అంది.

"తిట్టరక్కా."

మోకాలి మీద పెట్టి రాశాను. కాగితం మీద నీళ్లు కారాయి, వేలిముద్రలు పడ్డాయి, అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగాయి. అంత వికారమైన రాత నేను అంతకుముందు రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు.

"ఏం రాసినవ్? సదువు."

"పద్నాలుగో గుంట. పేలింది."

ఆమె గట్టు అంచుకు జరిగి, రెండు చేతులూ నేలకు ఆనించి, వంగి లోపలికి చూసింది. అడుగున నీళ్లు కదులుతున్నాయి. నిదానంగా, పూర్తిగా చూసుకున్నాక తల ఎత్తింది.

"అవ్" అంది.